కట్ల పిన్ని

నాలుగో పిల్ల అరచేతికి పట్టీ చుడుతోంది కట్ల పిన్ని. బొబ్బ చితికి పచ్చిగా ఉంది. "మంటగా ఉందా?" అంటే "లేదు పిన్నీ" అంటూ ఆ పిల్ల కళ్లనీళ్లు దిగమింగుకుంది. ఇరవై ఆరేళ్లుగా ఈ బడి పడవల షెడ్డులో పిన్ని వింటున్న అబద్ధమే అది. ఆమె ఉద్యోగం పందెం పడవలు తుడవడం, వాటిలో ముందుకూ వెనక్కీ జారే సీట్ల చక్రాలకు నూనె వేయడం. కట్లు కట్టమని ఎవరూ చెప్పలేదు. "నా మోకాలికి నూనె రాసే తీరిక మాత్రం ఉండదు" అని ఇంట్లో మొగుడు దెప్పుతుంటాడు.

ఇవాళ ఆమెకు కాలు నిలవడం లేదు. తుడిచిన తెడ్డునే మళ్లీ తుడిచింది. పదిసార్లు గుమ్మం దాకా వెళ్లి వచ్చింది. నీళ్ల మీద ఎనిమిదిమంది ఆడపిల్లల పడవ తిరుగుతోంది. మిగతా ఏడుగురూ ఎవరిని చూసి తెడ్డు వేస్తారో, ఆ పొడుగు పిల్లకు పక్కటెముకల్లో నొప్పి. చేతి బొబ్బలు తప్ప ఏ నొప్పి అయినా వెంటనే తనకు చెప్పాలని కోచ్ గారి ఆజ్ఞ. అయినా ఆయన రాకముందే ఆ పిల్లకు మూడు వారాలుగా వెడల్పు పట్టీ బిగించి కడుతోంది పిన్ని.

"సార్‌కి తెలిస్తే శనివారం పోటీలో నా సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు పిన్నీ" అని ఆ పిల్ల బతిమాలింది. కండరం పట్టేసిందేమోనని పిన్ని తనకు తాను సర్ది చెప్పుకుంది. పొద్దున ఆ పిల్ల ఒక్క తుమ్ము తుమ్మి, పక్క పట్టుకుని కుప్పకూలింది. మొహం తెల్లగా పాలిపోయింది. అయినా లేచి పడవెక్కింది.

పడవ ఒడ్డుకు చేరింది. దాన్ని భుజాలకెత్తుకోవడానికి అందరూ వంగారు. ఆ పిల్ల చెయ్యి సగంలోనే ఆగిపోయింది.

పిన్ని నేరుగా కోచ్ దగ్గరికి నడిచింది. "సార్, ఆ పిల్లకి ఎముక చిట్లినట్టుంది. ఎక్స్‌రే తీయించండి."

"నీకెలా తెలుసు?"

"మూడు వారాలుగా కట్టు కడుతోంది నేనే సార్."

"నమ్మి పిల్లల్ని వదిలితే ఇదా అమ్మా చేసింది? తాళాలు అక్కడ పెట్టి వెళ్లు."

"ఎవరికీ చెప్పనన్నావు పిన్నీ" అంది ఆ పిల్ల, మొహం తిప్పుకుని.

"అన్నాను తల్లీ. ఆ మాట ఇవ్వడమే నేను చేసిన తప్పు."

దగ్గరికి తీసుకోవాలని పిన్ని ప్రాణం కొట్టుకుపోయింది. ఆ పక్కటెముకలకు ఎక్కడ నొప్పి కలుగుతుందోనని చెయ్యి వేయలేదు. తాళాలు బల్ల మీద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

సాయంత్రం ఎక్స్‌రేలో రెండు ఎముకలు చిట్లాయని తేలింది. ఇంకో వారం ఇలాగే తెడ్డు వేసి ఉంటే ఊపిరితిత్తికి ఎముక గుచ్చుకునేదేమో అన్నారు డాక్టరు. ఆ సంగతి పిన్నికి చెప్పడానికి ఎవరూ వెళ్లలేదు.

మర్నాడు పొద్దున అలవాటుగా అరచేతులు చాపుకుని వచ్చిన పిల్లలు షెడ్డులో వరసగా నిలబడ్డారు. ఎదురుగా కిటికీ గట్టు మీద పిన్ని కళ్లజోడు ఉండిపోయింది. విరిగిన కాడకు పిల్లల చేతులకు కట్టే పట్టీయే, రెండు చుట్లు.