దొరకు చేసిన బిస్కెట్లు

ఆ ఇంట్లో ఏ డబ్బా మీద ఏ పేరుంటే లోపల అది ఉండదు. టీపొడి అని రాసిన దాంట్లో ఉప్పుంటుంది, మందుల పెట్టెలో సూదులుంటాయి. ఇల్లాలు బట్టలు కుట్టే మనిషి కాబట్టి ఖాళీ అయిన ప్రతి సీసా గుండీలపాలో కొక్కేలపాలో అవుతుంది. ఒకసారి ఆ వంటింట్లో టీ పెట్టబోయిన చుట్టాలు రెండోసారి ఆ సాహసం చేయలేదు.

సెలవులొచ్చాయని అందరూ తమ కుక్కలకు దుకాణంలో బిస్కెట్లు కొంటుంటే, ఆమెకు మాత్రం తన దొరకు స్వయంగా చేసి పెట్టాలని బుద్ధి పుట్టింది. దొర అంటే కుక్కే. వీధిలోంచి వచ్చినవాడే గానీ, సోఫా మీద కాళ్లు చాపుకునే తీరు చూసి మామగారు పెట్టిన పేరది. ఆమె ఆషామాషీగా దిగలేదు. చాక్లెట్ వద్దు, ఎండుద్రాక్ష వద్దు, ఉల్లి అసలే వద్దని నలుగురినీ అడిగి తెలుసుకుంది. గోధుమపిండి, ఉడికించిన గుమ్మడికాయ, ఒక గుడ్డు కలిపింది. రుచికి పీనట్ బటర్ కావాలి. అల్మరాలో మామగారి సీసా ఉంది, చక్కెర లేనిది. షుగర్ ఉన్న పెద్దాయనకు మంచిదైంది కుక్కకు మంచిది కాకుండా పోతుందా అనుకుని, ఊడ్చి మొత్తం వేసేసింది.

ఆ సీసా అంటే ఆమెకు కాస్త గర్వం కూడా. మొదట్లో మామగారు "ఇది తిండా, గోడకు కొట్టే సున్నమా?" అని ముఖం తిప్పుకునేవారు. ఆమె చెవినిల్లు కట్టుకుని పోరగా పోరగా, ఈమధ్య చెంచా నాకి మరీ తింటున్నారు. మామయ్య దారికొచ్చారని భర్తతో గొప్పగా చెప్పుకుంది. మరి రక్తంలో చక్కెర ఎందుకు దిగడం లేదో ఎవరికీ అంతుపట్టలేదు.

బిస్కెట్లు చల్లారాక దొర బుద్ధిగా కూర్చుని, చెయ్యిచ్చి, నాలుగు ఆరగించాడు. ఆమె గుండీలు పోసుకోవడానికి ఆ ఖాళీ సీసాను నానబెట్టి, మీది కాగితం పీకుతూ చిన్న అక్షరాలు చదివింది. జైలిటాల్ అన్న పేరు దగ్గర చెయ్యి ఆగిపోయింది. పశువుల డాక్టరు గది గోడ మీద ఎర్రగా రాసి ఉంటుంది ఆ పేరు: మనుషులకు తీపి, కుక్కలకు విషం.

ఫోన్ చేస్తే డాక్టరమ్మ, "వెంటనే తీసుకురండి, ఆ సీసా కూడా తెండి" అంది.

"మామయ్యా, నా చేతులారా దొరకు విషం పెట్టాను!" అని ఏడుస్తూ వాణ్ని ఎత్తుకుంది. ఏం విషమని కూడా అడగకుండా, పెద్దాయన ఒక కాలికే చెప్పుతో వెనకే పరుగెత్తారు. కారు ఆయనే నడిపారు. దారి పొడుగునా ఆమె దొర పొట్ట మీద చెయ్యి తీయలేదు. దొర మాత్రం కారు కిటికీ దగ్గర గాలి తింటూ కూర్చున్నాడు.

"చక్కెర పడిపోతే మూర్ఛలొస్తాయి, లివర్ దెబ్బతినొచ్చు. ఇక్కడే ఉంచాలి," అంది డాక్టరమ్మ. "ఏదీ సీసా?"

ఆమె సీసా తీసి బల్ల మీద పెట్టింది. అది చూడగానే మామగారికి దొంగకు తేలు కుట్టినట్టయింది. కోడల్ని చూశారు, దొరను చూశారు. దొర తోకాడించాడు.

"అమ్మాయ్... వాడు తిన్నది ఇది కాదు."

"ఇదే మామయ్యా! నేనేగా వేసింది!"

"ఆ సున్నం ఎప్పుడో పారేశానే. సీసా కడిగి మామూలుది నింపుకుంటున్నా. దాని అసలు సీసా నా బూట్ల పెట్టెలో ఉంది."

"దాని మీద ఏం రాసుందో తెలుసా?" అంది డాక్టరమ్మ.

"కంఠతా వచ్చు. వేరుశనగలు, పంచదార, ఉప్పు." ఆయన తల వంచుకున్నారు. "దాక్కుని తినేవాడికి చదువుకోవడానికి ఇంకేముంటుందమ్మా?"

డాక్టరమ్మ నోటిమాట మీద వదల్లేదు. దొర రక్తం తీసి చూసింది. ఆమె ఫోన్ చేస్తే భర్త పనిలోంచి ఇంటికెళ్లి, బూట్ల పెట్టెలోని సీసా పట్టుకొచ్చాడు. దాని మీద పెద్దాయన చెప్పినవే ఉన్నాయి. కాసేపాగి రక్తం మళ్లీ చూసి, "ఏమీ లేదు, తీసుకెళ్లండి" అంది డాక్టరమ్మ.

ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. మామగారిని నాలుగు దులుపుదామని నోరు తెరిచి, ఆయన చెయ్యి పట్టుకుని భోరుమంది. "మీరు దొంగతిండి తినబట్టి నా దొర బతికాడు మామయ్యా."

"అయితే ఇకనుంచి..." అన్నారాయన ఆశగా.

"ఇకనుంచి ఆ బూట్ల పెట్టె నా గుండీలకు."

మర్నాడు పాతవన్నీ పారేసి, వట్టి పిండి, గుమ్మడి, గుడ్డుతో మళ్లీ చేసింది. దొర ముందు ఒకటి పెట్టగానే కుర్చీలోంచి ప్రశ్న వచ్చింది.

"అందులో పంచదార ఉందా?"

"లేదు."

"ఆ సున్నం?"

"అదీ లేదు."

"అయితే ఇలా ఒకటి పడెయ్."

ఆయన నమిలి చూసి, ఫరవాలేదన్నారు. ఆమె మిగిలినవి డబ్బాలో పోసి, 'దొర బిస్కెట్లు' అని రాసి అంటించింది. పేరూ సరుకూ కలిసిన డబ్బా ఆ ఇంట్లో అదే మొదటిది. సాయంత్రానికి అందులో సగం మామగారే ఖాళీ చేశారు, ఈసారి ఆమె కళ్లెదుటే.