బాణలి కాడి సిలిండరు

బాణలిలో నూనె పొగలు కక్కుతుండగా శివపార్వతి గోడవైపు చూసింది. నూనె మంటలార్పే సిలిండరు ఉండాల్సిన కొక్కేనికి నీళ్ల సిలిండరు వేలాడుతోంది.

కోడుమూరులో సంత రోజు. ఆమె హోటలు నిండా ఉగ్గాని, బజ్జీల కోసం వచ్చిన జనం. ఆమె నోరు తెరిచేలోగానే నూనె భగ్గుమంది. వంటమనిషి ఏసురాజు ఒక్క దూకులో సిలిండరు అందుకుని పిన్ను లాగేశాడు.

"కొట్టొద్దు ఏసూ, అది నీళ్లది" అంటూ ఆమె అతని చెయ్యి ఒడిసి పట్టుకుంది.

మండే నూనె మీద నీళ్లు పడితే మంట చిమ్ముకుని పైకప్పు అందుకుంటుంది. ఆమె గ్యాసు కట్టేసి, పెద్ద ఇనుప మూత తెచ్చి బాణలి మీద జారించింది. ఊపిరాడక మంట చచ్చింది. ఏసురాజు కనుబొమలు సగం మాడాయి. వీధిలోకి ఉరికిన జనం మళ్లీ బెంచీలెక్కి, బజ్జీలు ఇంకెంతసేపని అడగడం మొదలుపెట్టారు.

అసలు సిలిండరు దొరికేదాకా బాణలి పెట్టేది లేదని శివపార్వతి తేల్చేసింది. సంత బేరం పోతే వచ్చే వారం వస్తుంది, హోటలు కాలిపోతే రాదు. ఏ సిలిండరు ఎక్కడుండాలో ఫైర్ స్టేషన్ నెహెమ్యా సారు దగ్గరుండి మరీ పెట్టించాడు: విస్తరాకుల గదికి నీళ్లది, కరెంటు బోర్డుకు మంటలార్పే గ్యాసుది, బాణలికి మాత్రం నూనెను నురగలా కప్పేసే మందుది.

విస్తరాకుల గదిలో మేకు బోసిగా ఉంది. నీళ్లది అక్కడిదే. దొంగయితే ఎత్తుకుపోతాడు గానీ, ఒకదాని చోట ఇంకోటి తగిలించడు. ఇది ఇంటిమనిషి పనే. వంటింటి కొక్కేనికి ఎండిన వేరుశెనగ కట్టె పుల్లొకటి ఇరుక్కుని ఉంది. పొద్దున్నే పెరటి వామిలోంచి వేరుశెనగ మేత పెరికి, ఎద్దులకేసి, చేతులైనా దులపకుండా కాఫీకి వచ్చేది ఆమె మామ ఉరుకుందప్ప ఒక్కడే.

పెరట్లో వామి పక్కన కంబళి కప్పుకుని ఏదో నిలబడి ఉంది. లాగి చూస్తే సిలిండరే. కుంకుమ బొట్టు, మెడలో నిమ్మకాయల దండ. మామ ఆకాశంలో మబ్బుల కోసం వెతుకుతున్నాడు.

"ఏం మామా, ఎద్దులు సిలిండర్లు గూడా తింటాండాయా?"

ఉరుకుందప్ప తలగుడ్డ విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు.

"నేనే మారిస్తి తల్లీ. ఎవడో బీడీ పారేసిపోతే మొన్న ఓబన్న వామి బూడిదైపాయ. నా ఎద్దుల గతేమని నాకు నిద్దర పట్టల్యా. మూడిట్లో శానా పిరమైంది, రేటెక్కువది యాదని ఏసుగాన్ని అడిగితే, బాణలి కాడిదన్యాడు. పిరమైందే గట్టిదనుకుంటి. కొక్కెం బోసిగా ఉంటే నువ్వు కనిపెడతావని నీళ్లది తెచ్చి తగిలిస్తి. మంటల్లో గూడా కులగోత్రాలుంటాయని నాకేం తెల్సు?"