తూకానికి తగ్గిన మనిషి

అది 1980 మాఘమాసం. అంతకు రెండు నెలల ముందు పట్నం ఆసుపత్రిలో సారంగపాణి రొమ్ము ఎముక చీల్చి, గుండెకు ముందు పెరిగిన గడ్డను తీసివేశారు. అటువంటిది ఏ లక్షలో ఒకరికో వస్తుందట. గాయం మానింది. అయినప్పటికీ కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవలసిందేనని డాక్టరు పట్టుబట్టి, అది ఎక్కడ పడాలో తెలిసేలా ఛాతీమీద ఊదారంగు గీతలు గీయించి, వాటిని చెరపకుండా సోమవారం తిరిగి రమ్మని ఇంటికి, కాశిబుగ్గకు పంపాడు.

గడ్డంతా తీసిన తరువాత కరెంటు దేనికి? ఆ అనుమానం ఆ నేతగాణ్ని తొలిచివేయసాగింది. దానికి తోడు భార్య సమ్మమ్మ వాలకమొకటి. గడ్డ పూర్తిగా పోతే భర్త ఎత్తు బంగారం సమర్పిస్తానని ఆమె మేడారం తల్లులకు మొక్కుకున్నది. అక్కడ బెల్లమే బంగారం. జాతర రానే వచ్చింది. వాడకట్టంతా బెల్లం తూయించుకొని బండ్లు కడుతుంటే, ఈమె మాత్రం బెల్లం అమ్మే కొమురెల్లి దుకాణం వైపైనా చూడదు. గడ్డ పోలేదని డాక్టరు ఆమె చెవిన వేసి ఉంటాడనుకున్నాడు. గడ్డ పోనప్పుడు మొక్కెట్లా చెల్లిస్తుంది? ఆమె అన్నం వడ్డించినా, నవ్వినా అతనికి దాపరికమే కనిపించింది. చివరికి సోమవారం పోయేది లేదని సంచి సర్దనివ్వలేదు.

కంటికి కనిపించినదంతా తీశారనీ, కనిపించని నలుసేదైనా మిగిలితే మళ్లీ మొలవకుండా మాడ్చడానికే కరెంటనీ డాక్టరు ఇద్దరి ఎదుటా చెప్పిన మాటనే ఆమె మళ్లీ చెప్పింది.

“మరి బెల్లమెందుకు తూపియ్యవే? నాకు తెల్వదనుకున్నవా?”

సమ్మమ్మ తల వంచుకున్నది. “మొక్కిన్నాడు ఎట్లుంటివి, ఇప్పుడెట్లున్నవ్? కట్టెపుల్లోలె అయితివి. ఇప్పుడు తూస్తే తల్లికి తక్కువిచ్చినట్టు కాదా? జర ఒళ్లు చేసినంక తూపిద్దామని ఆగిన.”

అతడు ఆమె చేతులవంక చూశాడు. అబద్ధమాడేటప్పుడు కొంగు నలపడం ఆమెకు అలవాటు. కొంగు కదలలేదు.

మరునాడు సారంగపాణి కొమురెల్లి పెద్ద తక్కెడలో కూర్చొని, తరిగిన కండకు బదులుగా తాను నేసిన జంపఖానాను ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఇంకోటియ్యి,” అన్నాడు భార్యతో. “తల్లికి అనుమానం రావద్దు.”

“నీకంటె అనుమానమున్నోళ్లుంటరా బావా?” అన్నాడు కొమురెల్లి.

ముల్లు నిలిచేదాకా సారంగపాణి అతని చేతిమీదనుంచి చూపు తిప్పలేదు. దిగి, ఊదా గీతలమీద అంగీ గుండీలు పెట్టుకున్నాడు.

“బెల్లం మేడారం నువ్వు తీస్కపో. నేనొస్తె జాతర వాగుల మునగాలె, మునిగితె గీతలు పోతయ్,” అన్నాడు. “సంచి సర్దు. పట్నం పోత.”