గీత పడిన డిస్కు

ఎనభై తొమ్మిదిలో ఎండాకాలం. అనంతపురంలో భూమిలో నీళ్ల జాడ వెతికే ఒక చిన్న సంస్థలో కంప్యూటరు పని హనుమంతరాయుడిది. ఉపగ్రహం తీసిన నేల బొమ్మలన్నీ ఒక వెండిరంగు డిస్కులో ఉండేవి. బండలో పగుళ్లు యాడున్నాయో వాటిలో చూసి బోరుకు చోటు చెప్పేవాళ్లు.

ఆ పొద్దున వజ్రకరూరు పక్క పల్లె నుంచి తిప్పన్న వచ్చినాడు. బోరు లారీ వాళ్ల ఊళ్లోనే ఉంది. చోటు తేలకపోతే అది ఇంకో ఊరికి పోతుంది.

హనుమంతరాయుడు డిస్కును చదివే కొత్త డ్రైవులో దాన్ని పెట్టినాడు. తానే పట్టుబట్టి తెప్పించిన డ్రైవు. పాతది తడుముకుని వెతికే బొమ్మను ఇది చిటికెలో పట్టేది. మిగతా ఊళ్ల బొమ్మలు టకటకా వచ్చినాయి. తిప్పన్న ఊరిది మాత్రం రాలేదు. డిస్కు తీసి వెలుతురుకు పట్టి చూస్తే అంచు దగ్గర సన్నటి గీత.

"ఏమప్పా, చెడిపోయిందా?"

"గీత పడిందన్నా. దీంట్లో కంటికి ఆనని గుంటలుంటాయి. లేజరు వెలుగు వాటిమీద పడి తిరిగొస్తే మిషను చదువుకుంటాది. గీత అడ్డమొస్తే వెలుగు చెదిరిపోతాది."

"ఆ వెలుగుకు నీళ్లు కనపడతాయా?"

"లేదన్నా. నీళ్లు మనమే వెతుక్కోవాల."

తిప్పన్న గోడకేసి చూస్తా అన్నాడు: "పోయిన నెల నా పెండ్లాము సుంకమ్మ బిందెడు నీళ్లకని ఎండిన బాయిలోకి దిగింది. గట్టు ఇరిగి మీద పడింది. మనిషి దక్కలేదు."

హనుమంతరాయుడు లేచినాడు. మూలన పడేసిన పాత డ్రైవు తెచ్చి తగిలించినాడు. లోపలి వరుసలు చదివేటప్పుడు జోరుగా తిరిగిన డిస్కు అంచుకొచ్చేసరికి నెమ్మదించింది. కొత్తది చేతులెత్తేసిన చోట పాతది వెనక్కిపోయి చదివింది, తప్పితే మళ్లీ చదివింది. బొమ్మ గీతగీతగా తెర మీదకి దిగింది. ఊరి పడమట, బండలో నల్లని పగులు.

ఇద్దరూ జీపులో పల్లెకు పోయినారు. పొద్దు వాలేదాకా బోరు తెల్లటి రాతిపొడే కక్కింది. తర్వాత బురద, ఆ వెనక నీళ్లు. ఆడవాళ్లు బిందెలకోసం పరిగెత్తినారు.

తిప్పన్న ముంత నింపి హనుమంతరాయుడికి ఇచ్చినాడు. "తాగు నాయనా."

నీళ్లు కొంచెం ఉప్పగా ఉన్నాయి. అతను చుక్క మిగల్చకుండా తాగినాడు. తిప్పన్న అక్కడే నేలమీద కూలబడి తువ్వాల్లో మొహం దాచుకున్నాడు. జీపు డ్రైవరు హారను కొడతా ఉన్నా హనుమంతరాయుడు పోకుండా అతని పక్కనే కూర్చుండిపోయినాడు.