పెద్దమ్మ వంతు నేల

"చెప్పులు! చెప్పులు బయటే విప్పాలి!"

తాళాలాయన పొద్దున్నుంచి అరుస్తూనే ఉన్నాడు. మందిరం తాళంచెవులన్నీ అతని నడుముకే వేలాడుతుంటాయి కాబట్టి సంఘంలో చిన్నా పెద్దా అందరికీ అతను తాళాలాయనే. మర్నాడు ఆదివారం, కొత్త మందిరానికి ప్రారంభోత్సవం. నిన్ననే పరిచిన ఎర్రటి తివాచీ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మెరుస్తోంది. వేదిక వెనుక గోడంత తెర, దాని ముందు వరుసలుగా మెత్తటి కుర్చీలు. అతని భార్య మోకాళ్ళ మీద కూర్చుని తివాచీ మీద రాలిన దారప్పోగులు ఏరుతోంది.

"మన పరుపు కూడా ఇంత మెత్తగా ఉండదు కదయ్యా!" అందామె.

"పరుపు మనది. ఇది దేవుడిది," అన్నాడతను. మనస్ఫూర్తిగానే అన్నాడు.

పాఠకులు అతన్ని తొందరపడి తప్పుపట్టకూడదు. జీతం చేతికి రాగానే దేవుడి వంతుగా పదో భాగం, అంటే దశమభాగం, తీసి కవరులో పెట్టి, మిగిలినదానితో ఇల్లు నెట్టుకొచ్చే మనిషి అతను. అలాంటి కవర్లు ఆ సంఘంలో ఎన్నో ఇళ్ళ నుంచి వచ్చేవి. జబ్బు చేసిన వాళ్ళ మందులకూ, పిల్లల చదువులకూ అని ఒకప్పుడు విడిగా ఉంచిన సహాయ నిధి కూడా క్రమంగా ఈ కట్టడంలోనే కలిసిపోయింది. ఎవరైనా సాయం అడిగితే పాస్టరు గారు "ముందు దేవుడి ఇల్లు పూర్తి కానివ్వండి" అనేవారు. ఆయనకు ఎదురు చెబితే దేవుడికే ఎదురు చెప్పినట్టవుతుందని అందరూ నోరు మూసుకునేవారు.

బయట వాన పట్టు వదలడం లేదు. మధ్యాహ్నానికి కాలువ గట్టు తెగింది. పల్లంలోని వీధుల్లోకి నీళ్ళు ఒక్కసారిగా ఎగదన్నాయి. మందిరం మెరక మీద ఉంది. మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని జనం గేటు తోసుకుని వచ్చి మెట్ల దగ్గర గుమిగూడారు. తాళాలాయన గబగబా లోపలి నుంచి గడియ పెట్టి, తాళం కూడా వేసి, పాస్టరు గారికి ఫోన్ చేశాడు.

"అయ్యో పాపం! వాళ్ళ కోసం ప్రార్థన చేస్తాను. స్కూలుకు వెళ్ళమను," అన్నారాయన.

"స్కూలు దారిలో నడుముల్లోతు నీళ్ళండి అయ్యగారూ."

"అయితే మెట్ల మీదే ఉండనీ. లోపలికి మాత్రం వద్దు. ఆ బురద కాళ్ళు తివాచీ మీద పడితే రేపు అతిథులకు మొహం ఎలా చూపించాలి? తాళాలు నీ దగ్గరున్నాయి. ఏం జరిగినా జవాబు నువ్వే చెప్పాలి."

ఫోన్ పెట్టేసి కిటికీలోంచి చూశాడు. ఇస్త్రీ బండి నడిపే కుర్రాడు తల్లిని వీపు మీద మోసుకుని మెట్లెక్కుతున్నాడు. కాళ్ళు పడిపోయిన ఆ పెద్దమ్మను ఎరగనివాళ్ళు సంఘంలో లేరు. రేకుల షెడ్డులో పదిమందితో ప్రార్థనలు మొదలైన నాటి నుంచీ ఒక్క నెల కూడా దశమభాగం ఎగ్గొట్టని మనిషి. కొడుక్కి మాత్రం దేవుడన్నా, దశమభాగమన్నా గిట్టదు.

"అన్నా, తలుపు తియ్యి!" కొడుకు కిటికీ చువ్వలు పట్టుకుని ఊపేశాడు.

"పాస్టరు గారు వద్దన్నారు తమ్ముడూ. నా చేతుల్లో లేదు."

"విన్నావా అమ్మా? నా ఇస్త్రీ డబ్బుల్లోంచి లాక్కుని మరీ తెచ్చిచ్చావే, ఆ ఇంటివాళ్ళు నిన్ను గుమ్మం కూడా తొక్కనివ్వట్లేదు!"

పెద్దమ్మ పెదవులు చలికి నీలంగా మారాయి. "నా సంగతి వదిలెయ్ బాబూ," అంది తాళాలాయనతో. "వెనకాల పసిపిల్లలున్నారు."

అంతలో కింద వీధిలో ఏదో గోడ దభీమని కూలింది. జనం కేకలు వేస్తూ ఒకరి మీద ఒకరు పడుతూ పై మెట్లకు ఎగబడ్డారు. ఎవరి చేతిలోంచో ఒక పాప జారబోయింది. పక్కనున్న మనిషి ఆ పాప జుట్టు దొరకబుచ్చుకుని ఆపాడు.

"ఏమయ్యా, తీస్తావా, నన్ను తీయమంటావా?" భార్య అతని ఎదుట నిలబడింది.

"ఉద్యోగం పోతుందే! మందిరం వాళ్ళిచ్చిన గది కూడా పోతుంది. ఎక్కడికి పోతాం?"

"ఎక్కడికి పోవాలో తెలియకే కదా వాళ్ళూ ఇక్కడికొచ్చారు!"

అతను నడుముకున్న తాళాల గుత్తి విప్పాడు. తాళంచెవి ఓసారి జారి కిందపడింది. తీసుకుని మళ్ళీ తిప్పాడు. తలుపు తెరుచుకోగానే బురద కాళ్ళు ఎర్రటి తివాచీ మీదికి పొర్లుకొచ్చాయి. ఒక్కో అడుగూ తన గుండెల మీదే పడుతున్నట్టు అనిపించింది అతనికి. భార్య మాత్రం అప్పటికే కొంగుతో పిల్లల తలలు తుడుస్తోంది.

సాయంత్రం వాన కాస్త తెరిపిచ్చాక పాస్టరు గారి కారు వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయారాయన. కుర్చీల మీద తడిబట్టలు ఆరేసి ఉన్నాయి. వేదిక మీద పిల్లలు నిద్రపోతున్నారు. పెద్దమ్మ పక్కన ఒక తల్లి పసిబిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చుంది.

"ఎవరు తెరవమన్నారు?" మైకు లేకుండానే ఆయన గొంతు హాలంతా మోగింది. "అందరినీ వెనక షెడ్డులోకి పంపించు. ఇప్పుడే!"

"షెడ్డు కురుస్తోందండి," అన్నాడు తాళాలాయన తల వంచుకుని.

ఇస్త్రీ కుర్రాడు పిడికిలి బిగించి లేచాడు. ఎక్కడ చెయ్యి చేసుకుంటాడోనని తాళాలాయన భార్య అడ్డంగా వెళ్ళి నిలబడింది. జనం ఒక్కొక్కరే లేచి మూటలు సర్దుకోసాగారు.

"ఎవరూ లేవకండి," అంది పెద్దమ్మ. గోడకు ఆనుకుని కూర్చున్నచోటి నుంచే పాస్టరు గారి వైపు చూసింది. "బాబూ, ఈ ఇంట్లో నా దశమభాగం ఉందా లేదా?"

"అది దేవుడికిచ్చారు కదా పెద్దమ్మా."

"దేవుడికే ఇచ్చాను. నీకివ్వలేదు, ఈ తివాచీకీ ఇవ్వలేదు. ఇన్నేళ్ళలో నేనిచ్చినదానికి ఎంత నేల వస్తుందో చూపించు. చాపంత వచ్చినా చాలు. అక్కడ ఆ పసిబిడ్డనూ తల్లినీ పడుకోబెడతాను. నన్ను నా కొడుకు షెడ్డులోకి మోసుకెళతాడు."

పాస్టరు గారు కాళ్ళ కింది తివాచీ వైపు చూశారు.

"మా వంతు కూడా అందులో కలుపుకో పెద్దమ్మా," అంది తాళాలాయన భార్య.

"మాదీ," అన్నారు మూల నుంచి ఎవరో. ఇంకో మూల నుంచి మరొకరు, "మాదీ."

"ఆ లెక్కన నా ఇస్త్రీ పెట్టె కూడా ఈ గోడల్లోనే ఎక్కడో ఉండాలి, నాదీ రాసుకోండి!" అన్నాడు కొడుకు. ఆ చలిలో కూడా కొందరు నవ్వారు.

అప్పుడే పాస్టరు గారి ఫోన్ మోగింది. అవతల మర్నాటి అతిథుల్లో ఒకరు. ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వేదిక మీది పిల్లల వైపు చూశారు. చివరికి, "రేపు సభ లేదండి. ఇక్కడ చోటు లేదు," అని పెట్టేసి బయటికి వెళ్ళిపోయారు. ఆయన ముఖంలో ఉన్నది కోపమో సిగ్గో ఎవరూ పోల్చుకోలేకపోయారు. అయితే కాసేపటికి ఆయన కారు దుప్పట్లతో తిరిగొచ్చింది.

నీళ్ళు తీశాక కంపు కొడుతున్న తివాచీని చుట్టి అవతల పారేశారు. సంఘ పెద్దలు తాళాలాయనను పిలిపించారు. గొప్ప కుటుంబాలు కొన్ని అలిగి వేరే మందిరానికి వెళ్ళిపోయాయని, అతన్ని పనిలోంచి తీసేయాల్సిందేనని కొందరు పట్టుబట్టారు. కానీ ఆ సమావేశం ముగిసేసరికి తాళాలు అతని నడుముకే ఉన్నాయి. సహాయ నిధి మళ్ళీ విడిగా పెట్టాలని తీర్మానమైంది. మారు మాట్లాడకుండా మొదట సంతకం పెట్టింది పాస్టరు గారే. కొత్త తివాచీ ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఎవరి అనుమతితో తలుపు తీశావని పెద్దలు అడిగినప్పుడు, ఎన్నడూ వాళ్ళ ముందు నోరు విప్పని ఆ మనిషి చేతులు కట్టుకుని ఇలా అన్నాడు:

"తప్పయితే నన్ను తీసెయ్యండి. కానీ ఆ రోజు నాకొకటి అర్థమైందయ్యా. ఆపదలో ఉన్న మనిషికి తెరుచుకోని ఇల్లు ఎంత గొప్పగా కట్టినా దేవుడి ఇల్లు కాదు. ఆ మనిషికి అందని కానుక దేవుడికీ అందదు."