లాంప్టే గారి ఆఖరి మోడల్

అక్రా పక్కన సముద్రపొడ్డునున్న టేషీలో శవపేటికలు చేసేవాళ్ళకు కొదవ లేదు. కానీ పోయిన మనిషి ఏం చేసి బతికాడో ఒక్క చూపులో తెలిసిపోయే పేటిక కావాలంటే మాత్రం అందరూ ఆటా సోవా దగ్గరికే వచ్చేవారు. పడవ మీద వేటకెళ్ళినవాడికి చేప, కోకో తోట ఆసామికి కోకో కాయ, సంతలో జీవితమంతా మిరపకాయలమ్మిన ఆవిడకు నిలువెత్తు ఎర్ర మిరపకాయ. ఒకే వారంలో పాస్టరు గారికి బైబిలూ, సారా కొట్టాయనకు సీసా చేసి, రెండింటినీ పక్కపక్కనే ఎండలో ఆరబెట్టిన ఘనత ఆయనది. సముద్రం వైపు రోడ్డు మీద రేకుల షెడ్డు కింద ముప్పై నాలుగేళ్ళుగా ఇదే పని. చెయ్యలేనన్న ఆకారం ఆయనకు ఇంతవరకూ ఎదురుపడలేదు.

మార్చి నెలలో ఒక ఉదయం కోర్కోయ్ అనే ఆవిడ నల్ల బట్టల్లో వచ్చి బెంచీ మీద కూలబడింది. ఆవిడ భర్త లాంప్టే అక్రాలోని సర్కిల్ మార్కెట్‌లో గొడుగు కింద బల్ల వేసుకుని ఇరవై రెండేళ్ళు ఫోన్లు బాగుచేశాడు. ఆ బల్ల ముందే, భూతద్దం కంటికి పెట్టుకుని ఉండగానే పోయాడు.

"ఫోను చెయ్యాలి ఆటా," అంది.

"ఏ ఫోనమ్మా?"

ఆవిడ కొంగుముడి విప్పి ఒక పాత బటన్ల ఫోను బయటికి తీసింది. "ఆయన జేబులోది. అయిదో నంబరు మీద చిన్న బొడిపె ఉంటుంది చూడు. అది మరిచిపోయావో, పైనుంచి నిన్నూ నన్నూ కలిపి తిడతాడు."

"మనిషి ఎలా ఉండేవాడు?"

"ఎలా ఉంటాడు? పొద్దస్తమానం కూర్చునే పని. పూటకి రెండు మొక్కజొన్న కెంకీ ముద్దలు, వేయించిన చేప. పొట్ట బల్లకి ఆనేది."

సోవా ఫోన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఫోనూ లావే, మనిషీ లావే. ఇంత సుఖమైన పని ఈ మధ్య రాలేదనుకున్నాడు. మూడు వారాల్లో ఇస్తానన్నాడు.

నాలుగో రోజున లాంప్టే అన్న అబెకా వచ్చాడు. ఆ ఇంటి పెద్ద ఆయనే. చావైనా పెళ్ళయినా ఆయన మాటే చెల్లుతుంది, భార్య మాట ఆ తర్వాత. వెనకాల ఊదారంగు చొక్కా వేసుకున్న అసియామా అనే కుర్ర ఆఫీసరు, ఆ వెనక మూతి ముడుచుకున్న కోర్కోయ్.

"సోవా, మన అదృష్టం పండింది," అన్నాడు అబెకా. "ఈ బాబుది జుమారా ఫోన్ల కంపెనీ. అంత్యక్రియలకి షామియానాలు, కుర్చీలు, బ్యాండు, జొల్లోఫ్ అన్నం అంతా వాళ్ళదే. మార్కెట్టు మార్కెట్టంతా వస్తుందని విన్నారట. పేటిక మటుకు వాళ్ళ కొత్త ఫోన్‌లా ఉండాలి. జుమారా నైన్."

"ఆ ఫోను ఒక్కసారి కింద పడితే అద్దం మార్చాల్సిందే," అంది కోర్కోయ్. "సబ్బుబిళ్ళ అనేవాడు మా ఆయన దాన్ని."

"ఆంటీ, అందుకే కదా ఆయనకి అంత పని దొరికింది," అన్నాడు అసియామా మర్యాదగా.

సోవా కొత్త ఫోను చేతిలోకి తీసుకుని, ఇనప తీగను దాని చుట్టూ వంచి కొలిచి, లెక్క చూశాడు. పొడవు ఏడడుగులు చేస్తే మందం సరిగ్గా నాలుగంగుళాలొచ్చింది.

"నాలుగంగుళాల్లో మనిషెలా పడతాడు నాయనా?"

"ప్రపంచంలోకెల్లా పల్చటి ఫోన్ అంకుల్ ఇది. మా గొప్పంతా అదే. మందం పెంచితే పక్క కంపెనీవాళ్ళు నవ్విపోతారు."

"పెంచకపోతే శవం నవ్వుతుంది."

అసియామా కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "ఆయన మార్చురీ ఫ్రిజ్‌లో ఉండి వారం దాటింది కదా. ఈపాటికి కొంచెం తగ్గి ఉంటారేమో?"

"మా ఆయనేమన్నా ఎండుచేపా?" అని ఇంతెత్తున లేచింది కోర్కోయ్.

అప్పుడు సోవా కళ్ళు ఫోను వెనక భాగం మీద పడ్డాయి. పై మూలన కెమెరాలున్న చోట గడ్డలా ఉబ్బి ఉంది. "దీన్ని ఎంత ఎత్తు చెయ్యొచ్చు?"

"ఎంతెత్తయినా చేసుకోండి అంకుల్. కెమెరా ఎంత పెద్దదైతే మాకంత పేరు."

"అయితే పొట్ట అందులో పట్టించేస్తాను. కాకపోతే కెమెరా తల దగ్గరుంది, పొట్ట నడుమ ఉంటుంది."

ఈ సంగతి పెద్దాఫీసుకు వెళ్ళింది. మూడు రోజులకు జవాబొచ్చింది: రాబోయే జుమారా టెన్‌లో కెమెరాలు నడిమధ్యకే దిగుతున్నాయి, ఇది పరమ రహస్యం, వడ్రంగితో సంతకం పెట్టించండి. సోవా చెవి మీది పెన్సిల్ తీసి సంతకం పెట్టాడు. టెన్ విడుదలయ్యేదాకా అంత్యక్రియలు వాయిదా వేశారు. రహస్యం ముందుగా మట్టిలోకి వెళ్ళినా కంపెనీకి నష్టమేనట.

రహస్యం రెండు వారాలు కూడా నిలవలేదు. ఒకరోజు షెడ్డు ముందు నారింజరంగు కారు ఆగింది. అందులోంచి కెల్వో కంపెనీ మేడమ్ మిస్ బైడూ దిగింది. చేతిలో చల్లటి సోబోలో షర్బతు సీసాల పెట్టె, వెంట చేతులు నలుపుకుంటూ అబెకా.

"ఆటా, మాది మడత ఫోను," అంది ఆవిడ. "మీ లాంప్టే గారు మడత పేటికలో వెళ్ళే మొట్టమొదటి మనిషవుతారు. ఆఫ్రికాలో కాదు, ప్రపంచంలో!"

"మనిషిని ఎక్కడ మడుస్తావమ్మా?"

"అది మీ వృత్తి. నేను జోక్యం చేసుకోను."

"మోకాళ్ళ దగ్గరైతే..." అంటూ అబెకా తన మోకాళ్ళే మడిచి చూపించబోయాడు.

"ఆయనేమన్నా చాపా? నేను మడవను," అన్నాడు సోవా.

మిస్ బైడూ ఏమాత్రం తగ్గలేదు. తమ కెమెరాలో ఏడుపు మొహం పదేళ్ళు చిన్నగా కనిపిస్తుందని, ఏడ్చేవాళ్ళందరికీ తలా ఒక ఫోను చేతికిస్తామని, ఒక బ్యాండుకు బదులు రెండు బ్యాండులు పెట్టిస్తామని చెప్పింది. ఈ కబురు జుమారాకు చేరింది. వాళ్ళు బ్యాండులు మూడు చేశారు, పేటికకు మూడో కెమెరా పెట్టించారు. కెల్వోవాళ్ళు మడత మాట మానేసి, కొత్త పలక ఫోనుకు నాలుగు కెమెరాలనగానే జుమారావాళ్ళు అయిదన్నారు, కెల్వోవాళ్ళూ అయిదే అన్నారు. లెక్క పెరిగినప్పుడల్లా సోవా బర్మా పట్టుకుని ఇంకో కన్నం పెట్టాడు, అంత్యక్రియలు మళ్ళీ వెనక్కి జరిగాయి. దారిన పోయేవాళ్ళు ఆగి, ఇది వేణువా తాతా అని అడిగేవారు. లాంప్టే మాత్రం ఫ్రిజ్‌లో ఓపిగ్గా పడుకునే ఉన్నాడు. ఆ ఇంట్లో తొందర లేని మనిషి ఆయనొక్కడే.

మూడో వాయిదాకు అంత్యక్రియల పోస్టర్లు కొత్తవి వేశారు. లాంప్టే ఫోటోను జుమారావాళ్ళ ఫోనే దానంతటదే బాగుచేసిందట. కోర్కోయ్ పోస్టరు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. నున్నటి చెంపలు, తెల్లటి పలువరుస, ఒత్తైన జుట్టు.

"ఈ కుర్రాడెవరు?"

"అదేమిటమ్మా, మీ ఆయనే," అన్నాడు సోవా, తనకే నమ్మకం లేకుండా.

"మా ఆయన కాదు. ఎవరో కనుక్కో మరి, బాగున్నాడు."

చివరికి పంచాయితీ అబెకాయే తేల్చాడు. ఇప్పుడు వచ్చే ఫోన్లన్నిట్లో రెండు సిమ్‌లు ఉండట్లేదా? పేటికా అంతే. ఎడమ సగం ఊదా, కుడి సగం నారింజ. పొట్ట ఉమ్మడి. రెండు కంపెనీలూ మొహం గంటు పెట్టుకునే ఒప్పుకున్నాయి. కొలతలకు చెరొక సరికొత్త ఫోను సోవాకు పంపించాయి.

సోవా ముందు జుమారా ఫోన్ని తీగతో కొలిచాడు. ఆ తర్వాత కెల్వో ఫోన్ని. తీగను మళ్ళీ వంచాల్సిన అవసరమే రాలేదు. అనుమానమొచ్చి అంచులు, మూలలు, కెమెరా గడ్డ, చార్జరు పెట్టే కన్నం అన్నీ చూశాడు. వెంట్రుక వాసి తేడా లేదు. ముప్పై నాలుగేళ్ళుగా కొలతల మీద బతికినవాడు. ఏ రెండు చేపలూ, ఏ రెండు కోకో కాయలూ ఇంతలా కలవడం ఆయన ఎరగడు. రెండు ఫోన్లూ గుడ్డలో చుట్టుకుని తిన్నగా కోర్కోయ్ ఇంటికి వెళ్ళాడు.

ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. అన్నేళ్ళు భర్త పక్కన కూర్చున్న మనిషి. ఇస్త్రీపెట్టె కొంచెం వేడి చేసి ఫోన్ల వెనక మూతల జిగురు వదులు చేసి, మూతలు ఊడదీసే సన్నటి రేకుముక్క చేతి రుమాల్లో పెట్టుకుంది. "ఆదివారం ఇంటి పెద్దలందరూ కూర్చుంటారుగా, నువ్వూ రా," అంది.

ఆదివారం మధ్యాహ్నం అబెకా వాకిట్లో పెద్దలు ఒకవైపు, ఊదా చొక్కా, నారింజ గౌను ఇంకోవైపు కూర్చున్నారు. కోర్కోయ్ నడుమ పీట వేసుకుని కూర్చుని, అందరూ చూస్తుండగానే రేకుముక్కతో రెండు ఫోన్ల వెనక మూతలు టక్కున ఊడదీసింది. లోపలి పచ్చ సర్క్యూట్ పలకలు రెండూ పళ్ళెంలో పెట్టి ఒక్కొక్కరి ముందూ తిప్పింది. రెండింటి మీదా ఒకటే ఫ్యాక్టరీ పేరు. రెండింటి మీదా తనిఖీ చేసినవాడి చీటీ ఒకటే, ఆ చీటీ మీద వంకర సంతకం కూడా ఒకటే.

అసియామా పళ్ళెంలోకి ఒంగి రెండు చీటీలూ మళ్ళీ చదివాడు. మిస్ బైడూయే ముందు తేరుకుంది. "అయితే ఏమైందండీ? కెంకీ ముద్దలన్నీ ఒకే కుండలో ఉడుకుతాయి, చుట్టిన ఆకులు మాత్రం వేరు. రెండు కంపెనీల యజమాని ఒక్కడే అయినంత మాత్రాన పోటీ లేనట్టా? నేనూ ఇతనూ నాలుగేళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు తెలుసా!"

"యజమాని కూడా ఒక్కడేనా?" అన్నాడు అసియామా నీరసంగా. అతనికి ఆ ముక్క అప్పుడే తెలిసింది.

అబెకా మెల్లగా లేచి నిలబడ్డాడు. "అంటే, మూడు నెలలుగా నా తమ్ముడు ఆ చలిలో పడుకున్నది మీతో మీరు పోట్లాడుకోవడానికా?"

మంగళవారం రెండు కంపెనీల నుంచీ రెండు ఉత్తరాలొచ్చాయి. కాగితం రంగే వేరు, మాటలు ఒకటే. పోటీదారు తప్పుకున్నట్టు తెలిసినందున, పోటీ లేని చోట ప్రచారం అనవసరం కనుక, తామూ తప్పుకుంటున్నామని.

శనివారం అంత్యక్రియలు. షామియానాలు పోయాయి, బ్యాండులు పోయాయి. షెడ్డులో మిగిలింది నాలుగంగుళాల మందాన, రెండు రంగుల్లో, అయిదు కన్నాలతో ఉన్న ఒక పలక. కన్నాలకు సందివ్వడానికి ఉమ్మడి పొట్ట పక్కకి జరిగి జరిగి, లాంప్టే అసలు పొట్టకు అక్కరకు రాకుండా పోయింది. కొత్తది చెయ్యడానికి వ్యవధి లేదు. జీవితంలో మొదటిసారి సోవాకు చెయ్యి ఆడలేదు. బెంచీ మీద చతికిలబడి సముద్రం వైపు చూస్తూ ఉండిపోయాడు.

గురువారం పొద్దున్నే కోర్కోయ్ సర్కిల్ మార్కెట్ మెకానిక్కులను వెంటబెట్టుకుని వచ్చింది. పదకొండుమంది, ఆడా మగా. ఎవరి స్క్రూడ్రైవర్లు వాళ్ళు తెచ్చుకున్నారు. ఆబ్లా అనే పెద్దావిడ పేటిక చుట్టూ తిరిగి, వేలితో తట్టి చెవి ఆనించి, కోర్కోయ్ చూపించిన భర్త నడుం బెల్టు పొడవు చూసి తల పంకించింది.

"ఇది తెలిసిన జబ్బే. బ్యాటరీ ఉబ్బింది, మూత పట్టట్లేదు. వెనక మూత తీసేసి వేరేది వేద్దాం. ఆటా, నీ దగ్గర స్పేర్లేమున్నాయి?"

"స్పేర్లా? ఇది శవపేటికమ్మా, స్పేర్లుండవు," అన్నాడు సోవా.

"అదేమిటి మరి?" అని ఆబ్లా వేలు చూపించింది. షెడ్డు మూలన సగం చేసి వదిలేసిన పడవ ఉంది. ఎవరో అన్నదమ్ములు తగవులాడుకుని, తండ్రికి పడవ కాదు విమానం కావాలని మనసు మార్చుకుంటే మిగిలిపోయింది. దాని పక్కన రంగు కుదరక పక్కన పెట్టిన మిరపకాయ మూత.

సోవా గబగబా వెళ్ళి పడవకు అడ్డంగా నిలబడ్డాడు. "ఒక ఆకారం ముక్క ఇంకో ఆకారానికి నేను ఏనాడూ వెయ్యలేదు. నా పేరు పోతుంది."

"నువ్వు ఎప్పుడూ కొత్తవి చేసేవాడివి ఆటా," అంది కోర్కోయ్. "మా ఆయన ఇరవై రెండేళ్ళలో ఒక్క కొత్త ఫోనూ విప్పలేదు. ఇందులోది అందులో, అందులోది ఇందులో వేసేవాడు. అలాగే అందరి ఫోన్లూ మోగించాడు. ఆయనకిది అవమానమేం కాదులే."

సోవా పడవ ముందు నుంచి పక్కకి జరిగాడు. తర్వాత రంపం అందుకున్నాడు. ఆ రెండు రోజులూ షెడ్డులో పదకొండుమంది మాట్లాడుకున్నదంతా ఫోన్ల భాషే. పడవ పక్కల్ని ఊదా పలకకు బిగిస్తూ "బాడీ మార్చాం" అన్నారు. మిరపకాయ మూత పైన కూర్చోబెట్టి "కవరు పట్టింది" అన్నారు. కెమెరా కన్నాల్ని అలాగే వదిలెయ్యమంది ఆబ్లా, గాలి ఆడుతుందని. ఎవరికి గాలి అని సోవా అడగబోయి ఊరుకున్నాడు. పని చేసేటప్పుడు ఇంత నవ్వు ఆయన షెడ్డులో ఎన్నడూ వినపడలేదు. తనూ నవ్వుతున్నానని ఆయనకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

శనివారం పేటిక భుజాల మీద వీధిలోకి వచ్చేసరికి జనం ముక్కున వేలేసుకున్నారు. ముందు పడవ, మీద మిరపకాయ, అడుగున రెండు రంగుల పలక.

"ఏమిటది?" అని ఎవరో అరిచారు.

"ఫోను!" అన్నారు మోసేవాళ్ళు.

"ఏ కంపెనీ?"

"సర్కిల్!"

శ్మశానంలో ఇంకో చిక్కొచ్చిపడింది. గొయ్యి తవ్వేవాళ్ళకు కొలతలు నెల క్రితమే కంపెనీలవాళ్ళు పంపించారు. జానెడు లోతున ప్రపంచంలోకెల్లా పల్చటి గొయ్యి తవ్వి, అంచులు నున్నగా చెక్కి, తాము చేసిన పనికి తామే మురిసిపోతూ నిలబడి ఉన్నారు వాళ్ళు. పడవ పక్కలతో వెడల్పైన పేటిక అందులో అంచు కూడా దిగలేదు. కిరాయి లేకుండా వాయించడానికి వచ్చిన చర్చి బ్యాండువాళ్ళకు మూడు పాటలే వచ్చు. అవే తిప్పి తిప్పి వాయించారు.

జనంలోంచి నల్ల చొక్కా కుర్రాడొకడు ముందుకొచ్చాడు. అసియామా. ఊదా చొక్కా లేకపోతే ఎవరూ గుర్తుపట్టలేదు. బూట్లు విప్పి, ఫోను పక్కనున్నావిడ చేతిలో పెట్టి పార అందుకుని గోతిలోకి దిగాడు. ఆ పక్కనున్నావిడ మిస్ బైడూ. "జాగ్రత్త, అంచు విరుగుతుంది," అంటూ ఆవిడ రెండు ఫోన్లూ ఒకే చేతిలో పట్టుకుని నిలబడింది. ఏది ఎవరిదో తర్వాత ఆ ఇద్దరికీ తెలియలేదు.

గంటన్నర పట్టింది. సోవా తీగతో గొయ్యి కొలిచి "చాలు" అన్నాడు. పేటిక కిర్రుమంటూ దిగి, అడుగున సమంగా కూర్చుంది. కోర్కోయ్ ఒంగి చూసి, కళ్ళు తుడుచుకుని, ఆబ్లా చెయ్యి పట్టుకుంది.

"పట్టింది," అంది.