తొమ్మిదో నెల టీకా

"కార్డులో ఉందిగా, ఇంకెన్నిసార్లు చూస్తావు?" అన్నాడు దీక్షిత్ లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండానే. ఇడ్లీ రేకులు తోముతున్న రత్నకుమారి చేతులు తుడుచుకుని కూతురు భవిత టీకాల కార్డు మళ్ళీ తెరిచింది. డేకేర్‌లో ఎవరికో తట్టు వచ్చిందని మెయిల్ వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఆ కార్డు వదలడం లేదు. రెండున్నరేళ్ళ పిల్ల తుమ్మితే చాలు, ఒళ్ళంతా ఎర్రగా పొక్కినట్టే కనిపిస్తోంది. తొమ్మిదో నెలలో గుంటూరులో ఒక టీకా వేయించారు. ఆ తర్వాత వీసా వచ్చింది, విమానం ఎక్కారు. మిగతా గళ్ళు ఖాళీ. డాక్టర్‌ని అడుగుదామండీ అంటే, "నీ భయానికి నేను లీవ్ పెట్టాలా?" అంటాడు. అత్తగారు అన్నపూర్ణ ఫోన్‌లో ఇంకో పాట. "తట్టు అనకమ్మాయ్, అమ్మవారు అను. తాలింపులు మానేసి వేపాకు పరిచి పడుకోబెడితే ఆ తల్లే చల్లబడుతుంది." చల్లబడేదాకా పక్కన కూర్చునేది ఎవరో ఆవిడా చెప్పలేదు, ఈయనా చెప్పలేదు. వేరే చెప్పాలా ఏం, ఆ మనిషి వంటింట్లోనే ఉందిగా.

రత్నకుమారి పనిచేసే టిఫిన్ సెంటర్‌లో పక్కన ఉల్లిపాయలు తరిగేది హవా. సూడాన్ మనిషి. అక్కడ యుద్ధం రోజుల్లో పిల్లలకి టీకాలు వేసేదట. ఆ రోజు కార్డు చూపిస్తే కత్తి పక్కన పెట్టి చూసింది.

"ఇది చాలదు. తొమ్మిది నెలలకి తల్లి ఇచ్చిన బలం ఇంకా కొంత ఒంట్లో ఉంటుంది, అందుకని కొందరికి టీకా సరిగ్గా పట్టదు. మా దగ్గర ఆగితే పిల్లలు దక్కరని వేసేస్తాం. కానీ ఇంకోటి పడాలి."

"యుద్ధంలో ఎలా వేసేదానివి?"

"రెండు పక్షాల వాళ్ళనీ అడిగాం, రెండ్రోజులు కాల్చకండని. టీకాల పెట్టెలో ఐసు కరిగేలోపు ఊళ్ళు తిరగాలి. పెట్టె భుజాన వేసుకుని నడవడమే. వేసిన పిల్ల గోటికి సిరా పెట్టేవాళ్ళం. మూడు వందల గోళ్ళు అయిన రోజు నాకు భలే నిద్ర పట్టేది."

"తుపాకులోళ్ళని అడగడానికి ఎవరెళ్ళారు?"

"నేనే," అంది హవా, ఇంకో ఉల్లిపాయ అందుకుంటూ. "భయంతో కాళ్ళు వణికాయి. వణుకుతూనే నడిచా."

రత్నకుమారి ఆ కాళ్ళకేసి చూసింది. చవక స్నీకర్లు, ఒక లేసు తెగి ముడేసి ఉంది. ఇంత మనిషి పక్కన నిలబడి తనిన్నాళ్ళూ ఉల్లిపాయలు మాత్రమే తరిగిందా? భయపడేవాళ్ళు ఏ పనికీ రారని ఏడేళ్ళుగా ఇంట్లో వింటోంది. నిజమే కాబోలు అనుకుంది కూడా.

బ్రేక్‌లో క్లినిక్‌కి తనే ఫోన్ చేసింది. ఇంగ్లీషు మాట తప్పితే మళ్ళీ చెప్పింది. శుక్రవారం సెలవు పెట్టి పిల్లనెత్తుకుని బస్సెక్కాకే దీక్షిత్‌కి మెసేజ్ పెట్టింది, టీకాకి వెళ్తున్నాం, అన్నం మీరు వండండని.

తిరిగొచ్చేటప్పుడు అత్తగారి ఫోన్. కొడుకు అప్పుడే చేరవేసినట్టున్నాడు. తిట్లు పడటానికి సిద్ధపడే ఎత్తింది.

"వేయించావా?"

"వేయించానత్తయ్యా."

"ఏడ్చిందా?"

"బాగా ఏడ్చింది."



"ఏడవనీ," అంది అన్నపూర్ణ. "మీ ఆయన కంటే ముందు నాకొక ఆడపిల్ల. వేపాకుల మీద పడుకోబెడితే, మూడో రోజుకి దానికి ఏడ్చే ఓపిక కూడా లేకపోయింది."